గుర్రాల గ్రంథం ఎవరిది

నేను కాపురానికి వచ్చేనాటికి మా అత్తగారింట్లో గుర్రం లేదు గానీ గుర్రాల గ్రంథం ఉండేది. యాభైలు అయిపోవస్తున్న రోజులు. వాళ్ళ ఊరు విడవలూరికి తూర్పున, సముద్రానికి దగ్గర. నా పుట్టిల్లు బుచ్చిరెడ్డిపాలెం. వరి మడులు నాకు కొత్త కాదు, ఉప్పుగాలే కొత్త. తలుపు గడియలకు తుప్పు, ఆరేసిన చీరలకు జిగట. ఏ గదిలో ఏముందో తెలుసుకుంటూ తిరుగుతున్న రోజుల్లో, దేవుడి గూటి పక్కన మేకుకు వేలాడుతున్న పాత గుడ్డ మూట కనిపించి దించబోయాను.

"దాన్ని ముట్టుకోబాక అమ్మాయ్! ఆకులు విరుగుతాయి" అని వెనకనుంచి కేక.

ఆ కేక మా వారి నాయనమ్మది. ఇంటిల్లిపాదీ ఆమెను అవ్వ అనేవాళ్ళం. నడుము వంగినా చూపు తగ్గని మనిషి. ఆమె తనే మూట దించి విప్పి చూపించింది. రెండు చెక్క పలకల మధ్య మూరెడు పొడవు తాటాకులు, మధ్యలో చిల్లులోంచి తాడు. గంటంతో గీసిన అక్షరాలు. నేను చదువుకున్నదాన్నే, పెళ్ళికి ముందు బళ్ళో పాఠాలు కూడా చెప్పాను. అయినా ఒక్క ముక్క కూడబలుక్కోలేకపోయాను. గుర్రానికి ఏ జబ్బు చేస్తే ఏ మందు వెయ్యాలో అందులో ఉందని, మా మామగారికి తప్ప ఎవరికీ చదవడం రాదని అవ్వ చెప్పింది.

మా మామగారికి ఆ చదువు వాళ్ళ నాన్న దగ్గర అబ్బింది. కొంచెం గర్వమున్న మనిషి, నిజమే. కానీ ఆ ఆకులంటే ఆయనకు ప్రాణం. ఏటా ఎండలు ముదరకముందే తీసి నీడన పరిచి, మెత్తని గుడ్డతో తుడిచి, అక్షరాలు మాసినచోట దీపపు మసి రుద్ది, వేపాకు మధ్యన పెట్టి కట్టేవారు. ఆ పని ఎవరినీ చెయ్యనిచ్చేవారు కాదు.

ఆ గ్రంథం కోసం ఏడాదికి రెండు మూడుసార్లు ఒక మనిషి వచ్చేవాడు. నెల్లూరు దారిలో జట్కా తోలే సాయిబు. నలభై దాటి ఉంటాయి. ఇంటా బయటా తెలుగే మాట్లాడేవాడు. వాళ్ళ నాన్న గుర్రాల వైద్యుడని, చుట్టుపక్కల జట్కాలవాళ్ళందరూ ఆయన దగ్గరికే పోయేవాళ్ళని చెప్పుకునేవారు. వాళ్ళ పెద్దలు ఎప్పుడో కృష్ణపట్నం రేవులో గుర్రాలతో పాటు ఓడ దిగినవాళ్ళట. గుర్రానికి బాగలేనప్పుడు సాయిబు వచ్చి మా అరుగు కింద నిలబడేవాడు.

"అయ్యా, మేత ముట్టడంలా. పొట్టకాడికి తల తిప్పి చూసుకుంటుండాది, పడి దొర్లుతుండాది."

మామగారు తీరిగ్గా కాళ్ళు కడుక్కుని, మూట విప్పి, కావలసిన ఆకు వెతికి రాగం తీస్తూ చదివి అర్థం చెప్పేవారు. వాము, ఇంగువ, వెల్లుల్లి, బెల్లం. సాయిబు కళ్ళు మూసుకుని విని, పెదాలతో మళ్ళీ అనుకునేవాడు. వెళ్ళేముందు చెక్క పలకను రెండు చేతులతో తాకి కళ్ళకద్దుకునేవాడు. మా ఇంటి గ్రంథం మీద ఎంత గౌరవం అనుకునేదాన్ని.

చైనాతో యుద్ధం జరిగిన మరుసటి వేసవిలో మా ఊరికి మ్యూజియం నుంచి ఒక ఆఫీసరు వచ్చారు. ఆ మ్యూజియం పేరు నేను చెప్పను. పాత తాళపత్రాలు సేకరించడం ఆయన పని. కరణంగారు చెప్పగా నేరుగా మా ఇంటికే వచ్చారు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆకులు ఒక్కొక్కటే తిప్పుతున్నకొద్దీ ఆయన కళ్ళజోడు వెనక కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇది నాలుగైదు వందల ఏళ్ళ నాటిదండీ. ఉప్పుగాలిలో ఇన్నాళ్ళు నిలవడం మాటలు కాదు. చివరి ఆకు చూశారా? ఒక దొరగారి గుర్రాల లాయం మీద అధికారికోసం రాసినట్టు లేఖకుడు చెప్పుకున్నాడు" అన్నారు.

మామగారి ముఖం వెలిగింది. మ్యూజియంలో పెడితే అద్దాల పెట్టెలో ఉంటుందని, ఇచ్చినవారి పేరు పక్కనే రాస్తారని ఆఫీసరు చెప్పేసరికి ఇంకా వెలిగింది. అయితే గ్రంథం ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వచ్చిందో ఆ వరస అంతా రాసి ఇవ్వాలన్నారు. మామగారికి చత్వారం. నన్ను పిలిచి కాగితం, కలం చేతికిచ్చారు.

"మా ముత్తాతల కాలంనుంచి వంశపారంపర్యంగా మా ఇంటిదే. దాతగా మా నాయన పేరు పెట్టు. రాయి."

రాశాను.

"లాయం అధికారి దగ్గర్నుంచి మీ ఇంటికి ఎట్లా వచ్చింది?" అని అడిగారు ఆఫీసరు.

"మా పెద్దలు ఆ దొరల కొలువులో ఉండుంటారు" అన్నారు మామగారు. తర్వాత నావైపు తిరిగి, "ఉండేవారు అని రాయి" అన్నారు.

అదీ రాశాను. గడప లోపల కూర్చుని ఒత్తులు చేసుకుంటున్న అవ్వ చేతులు ఆగిపోయాయి. ఆఫీసరు కాగితం జేబులో పెట్టుకుని, పైవాళ్ళతో మాట్లాడి వచ్చి గ్రంథం తీసుకుపోతానని వెళ్ళారు. నేను లోపలికి వచ్చాక అవ్వ అడిగింది.

"ఆ మాట రాసినావా?"

"ఏ మాట అవ్వా?"

ఆమె ఒత్తుల బుట్ట పక్కకు నెట్టేసింది. ఆ పూట అన్నం వద్దంది.

ఊళ్ళో మాట దాగుతుందా? మూడు పొద్దులు తిరక్కుండానే సాయిబు వచ్చాడు. ఈసారి గుర్రానికి ఏ జబ్బూ లేదు. జట్కా చింతచెట్టు కింద నిలిపి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని అరుగు కింద నిలబడ్డాడు.

"అయ్యా, గ్రంథం పంపించేస్తుండారంట?"

"అవునురా. సర్కారోళ్ళు అద్దాల్లో పెడతారంట. మన జిల్లాకే పేరు."

"మంచిదే అయ్యా. మా నాయన పేరు చెప్పినారా?"

"మీ నాయన పేరెందుకు?"

నేను స్తంభం వెనక నిలబడి చూస్తున్నాను. సాయిబు అరుగుకు ఒక అడుగు దగ్గరికి జరిగాడు.

"అది మా ఇంటిది గదయ్యా. మా ఇంట్లో చదివేవాళ్ళు లేరని మా నాయన పెద్దయ్యగారి దగ్గర పెట్టినాడు."

"పెట్టినాడో ఇచ్చినాడో నువ్వు చూసినావా? నువ్వు పుట్టినావా అప్పటికి?"

"మా నాయన చెప్పినాడయ్యా. పోయే ముందు గూడా చెప్పినాడు."

"ఇచ్చినాడనే అనుకో. ఇచ్చినాక మాదే గదా."

"చదవనీకి ఇచ్చినాడయ్యా. ఇంకొకరికి ఇచ్చేయనీకి కాదు."

మామగారు లేచి నిలబడ్డారు. అంత కోపం ఆయనలో నేను అంతకుముందు చూడలేదు. "మా నాయన్ని దొంగ అంటుండావా? మా వాకిట్లో నిలబడి? ఏం కావాల్రా నీకు?"

"నాకేం వద్దయ్యా. మ్యూజియానికే ఇయ్యండి. మా నాయన పేరు గూడా రాయించండి, అంతే."

"పో" అన్నారు మామగారు.

సాయిబు తలగుడ్డ చుట్టుకోకుండానే వెళ్ళిపోయాడు. అంతటితో ఆగితే బాగుండేది. మామగారు మా పొలంలో పనిచేసేవాళ్ళందరికీ సాయిబు జట్కా ఎక్కవద్దని చెప్పారు. ఆయన మాట కాదనే ధైర్యం ఊళ్ళో కొద్దిమందికే ఉండేది. అప్పటికే బస్సులొచ్చి జట్కాలు మూలపడుతున్న కాలం. మా ఊరి బేరమూ పోయేసరికి ఆ జట్కా మా దారిన రావడం మానేసింది. మా వారితో ఈ మాట ఎత్తితే, "నాయనతో నువ్వు మాట్లాడబాక, నేనూ మాట్లాడను" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. తండ్రి ఎదుట నోరు లేవని మనిషి.

నేను అవ్వ దగ్గర కూర్చున్నాను. పెరట్లో, బావి పక్కన ఆమె తలకు ఆముదం రాస్తూ అడిగాను. బావి గిలక వైపు చూస్తూ మొదలుపెట్టింది.

"నేను కాపురానికొచ్చిన కొత్తల్లో పెన్న పొంగి ఊళ్ళన్నీ మునిగినాయి. ఆ సాయిబు నాయన ఉండాడే, రొమ్ముల్లోతు నీళ్ళలో నడిచొచ్చినాడు. ఆ మూట నెత్తిన పెట్టుకోనుండాడు. తాడు గూడా నానిపోయింది. మీ తాతా నేనూ ఆకులన్నీ ఇడదీసి కొట్టంలో ఆరబెట్టినాం. నా చేత్తో తుడిచినా ఒక్కోటి. మా ఇల్లు కూలింది అయ్యా, మీ కాడ ఉండనీ, కావాల్సినప్పుడు వచ్చి చదివించుకుంటా అన్నాడు. మీ తాత సరే అన్నాడు."

"మరి తర్వాత అడగలేదా అవ్వా?"

"అడిగినాడు." ఆమె కొంగుతో నుదుటి ఆముదం తుడుచుకుంది. "ఇల్లు కట్టుకున్నాక వచ్చి అడిగినాడు. మీ తాత నవ్వినాడు. నీకెందుకురా, చదవను వస్తదా, ఈడ ఉంటే పదిలంగా ఉంటది అన్నాడు. ఆ మనిషి అట్టనే నిలబడి నిలబడి పోయినాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలా. నేను వాకిలి కాడే ఉండా."

"మామకు తెలుసా ఇది?"

"తెలవదు. వాడప్పుడు పాలు తాగే బిడ్డ. వాళ్ళ నాయన చెప్పలా. నేనూ చెప్పలా."

చెప్పమని బతిమాలాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "మొగుడు పోయినాక ఆయన మాట నలుగుర్లో తీసేదెట్టా అమ్మాయ్? నువ్వూ గమ్మునుండు."

గమ్మున ఉండడం నావల్ల కాలేదు, అలాగని చెప్పడమూ నావల్ల కాలేదు. నేను రాసిన కాగితం ఒకటి ఎక్కడో ఫైలులో ఉందని గుర్తొచ్చినప్పుడల్లా అన్నం సయించేది కాదు.

వానలు మొదలయ్యేముందు ఆఫీసరు మళ్ళీ వచ్చారు. గ్రంథం కోసం చిన్న చెక్కపెట్టె చేయించుకుని తెచ్చారు. మామగారు కరణంగారిని, మరికొందరు పెద్దమనుషులను పిలిపించారు. అరుగు నిండింది. ఎవరు కబురు చేశారో, సాయిబు కూడా వచ్చి దూరంగా నిలబడ్డాడు. ఆఫీసరు అతన్ని చూసి, ఎవరో కనుక్కుని, నీ మాటేమిటని అడిగారు. సాయిబు తనకు తెలిసింది చెప్పాడు.

"సాక్షి ఎవరన్నా ఉన్నారా?"

"పోయినోళ్ళే సాక్షులయ్యా" అన్నాడు సాయిబు.

కరణంగారు నవ్వారు. మిగతావాళ్ళూ నవ్వారు. ఆ నవ్వు విని కాబోలు, అవ్వ గోడ పట్టుకుని గడప దాటి వచ్చింది. ఆమె మగవాళ్ళు కూర్చున్న అరుగు మీదికి రావడం నేను చూడటం అదే మొదలు. నాకు చెప్పిన మాటలే, అదే వరసలో చెప్పింది. వరద, నెత్తిన మూట, కొట్టంలో ఆరబెట్టిన ఆకులు, అన్నీ. ఆ మనిషి తిరిగొచ్చి అడిగిన సంగతి దగ్గర కొంచెం ఆగింది గానీ, అదీ చెప్పింది.

ఎవరూ నవ్వలేదు. మామగారి ముఖం నల్లబడింది.

"చచ్చిపోయిన మనిషిని నలుగుర్లో దొంగను చేసినావే అమ్మా."

"దొంగ అన్లేదు నాయనా. జరిగింది చెప్పినా."

మామగారు కండువా దులిపి భుజాన వేసుకుని పొలం వైపు నడిచి వెళ్ళిపోయారు. ఆఫీసరు కలం మూశారు. "ఇట్లాంటి తగవున్న వస్తువు నేను తీసుకోకూడదండీ. ఇద్దరూ ఒక మాటమీదికి వచ్చి కబురు చెయ్యండి" అని ఖాళీ పెట్టె పట్టుకుని వెళ్ళారు. సాయిబు మాత్రం కదలలేదు. అందరూ పోయాక అవ్వ కూర్చున్నచోటికి వచ్చి వంగి నమస్కారం పెట్టాడు. ఆమె చెయ్యి ఎత్తి, మళ్ళీ దించేసింది.

అప్పటినుంచి మామగారు తల్లితో మాట్లాడటం మానేశారు. ఆమె ఉన్న గదిలోకి వచ్చేవారు కాదు. ఆమెకు ఏం కావాలో నన్ను అడిగి తెలుసుకునేవారు, తెప్పించి పెట్టేవారు, కానీ మాట లేదు. గ్రంథం మేకుకు అలాగే వేలాడుతోంది. దాని కింద నుంచి పోతూ ఇద్దరూ తలెత్తేవారు కాదు. ముసురు పట్టిన రోజుల్లో అవ్వకు ఆయాసం ఎక్కువైంది. "వాణ్ణి ఒకసారి రమ్మను" అని నాతో అంటే వెళ్ళి చెప్పాను. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆమె చూసింది, ఆయన చూశారు. "మందు తాగిందా?" అని నన్ను అడిగి వెళ్ళిపోయారు. ఆ కార్తీకంలో అవ్వ పోయింది. శవం పక్కన కూర్చుని ఆయన ఏడ్చిన ఏడుపు చూసి, ఇంత ప్రేమ పెట్టుకుని ఆ నెలలన్నీ ఎలా ఉండగలిగారా అనిపించింది.

పెద్దకర్మ అయిన మరునాడు ఎడ్లబండి కట్టమన్నారు. మూట దించి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, "నువ్వు రా" అన్నారు నన్ను. విడవలూరు దారిలో సాయిబు ఇల్లు. తాటాకు కప్పు, ఒకవైపు గోడ వానకు జారిపోయి ఉంది. గుర్రమూ మనుషులూ ఒకే పంచన. సాయిబు కంగారుగా బయటికొచ్చాడు. మామగారు మూట తీసుకుపోయి నులకమంచం మీద పెట్టారు.

"నీది నువ్వు తీసుకో."

"అయ్యా, కూర్చోండి..."

"కూర్చోను." అంతే, వెనక్కి తిరిగారు. తిరిగొచ్చేటప్పుడు బండిలో ఒక్కసారే మాట్లాడారు. "ఆ ఇంట్లో నాలుగు వానలకు మట్టయిపోతది" అన్నారు. కోపంగా అన్నారో, బాధతో అన్నారో నాకు అర్థం కాలేదు. ఆయన చేతులు మాత్రం ఒళ్ళో ఇంకా మూట ఉన్నట్టే ఉన్నాయి.

ఆయన అన్నది తప్పు కాదు. ఎండలు రాకముందే సాయిబు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. చాలా చిక్కిపోయాడు.

"అమ్మా, చెక్కకు చెదలొచ్చినాయి. ఆకులకు ఇంకా రాలా. రోజూ తీసి చూసుకుంటుండా, నిద్ర పట్టడంలా. ఆ ఆఫీసరుగారికి రాసి పెట్టమ్మా. వచ్చి తీసుకోమను."

"నీకు కావాలనే కదన్నా ఇంత జరిగింది?"

"నాకు కావాలని నేనెప్పుడన్నా అన్నానా అమ్మా? మాదని ఒప్పుకోమన్నా, అంతే. ఒప్పుకున్నారు."

మా అరుగు మీదే కూర్చుని రాశాను. తలుపు తీసే ఉంది, మామగారు లోపల ఉన్నారని తెలుసు. సాయిబు చెబుతుంటే అతని తాతల దగ్గరనుంచి వరస రాసుకుంటూ వచ్చాను. లాయంలో చేసిన పెద్దలు, రేవు నుంచి ఊళ్ళోకి మారడం, వరద. వరద తర్వాత ఏం రాయాలో తెలియక ఆగాను.

"పెద్దయ్యగారు, వాళ్ళ కొడుకుగారు చదివి, కాపాడినారు అని రాయి" అన్నాడు. "గట్టిగానే కాపాడినారు. అబద్ధమెందుకు?"

లోపల కుర్చీ కదిలిన చప్పుడైంది. ఎవరూ బయటికి రాలేదు. సాయిబు వేలిముద్ర వేశాడు. కొన్ని వారాల్లో ఆఫీసరు వచ్చి గ్రంథం తీసుకుపోయారు. మా వారు ఆ సాయంత్రం, "ఎంత పని చేసినావు" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు.

కొన్నేళ్ళకు, అరవైలు ముగిసేలోపు, ఏదో పెళ్ళికి పోతూ ఆ మ్యూజియం ఉన్న ఊళ్ళో దిగాం. నేను పట్టుబట్టి మా వారిని తీసుకుపోయాను. మేడమీది హాల్లో ఒక మూల అద్దాల పెట్టెలో ఉంది. శుభ్రంగా, కొత్త తాడుతో, రెండు ఆకులు తెరిచిపెట్టి. కింద చీటీ చదివాను. అశ్వవైద్యం, తాళపత్రాలు, నెల్లూరు జిల్లా. దాత అన్నచోట మా మామగారి నాన్నగారి పేరు. వంశపారంపర్యంగా ఆ ఇంటిది అని కూడా ఉంది. నేను మొదటిసారి రాసిన కాగితంలోని మాటలే, అక్షరం మారకుండా.

అక్కడున్న గుమాస్తాను అడిగితే, ఆ ఆఫీసరు బదిలీ అయి పోయారని, ఫైలులో మొదట ఉన్న కాగితం చూసి రాసి ఉంటారని అన్నాడు. తప్పని చెప్పాను. అర్జీ రాసివ్వమన్నాడు. అక్కడే కూర్చుని రాసిచ్చాను. ఇంటికొచ్చాక మళ్ళీ మళ్ళీ రాశాను. పరిశీలిస్తామని ఒకసారి జవాబొచ్చింది. అంతే.

మామగారికి అప్పటికి చూపు బాగా తగ్గింది. చీటీ సంగతి చెబితే లేవబోయి, మళ్ళీ గోడకు ఆనుకుని కూర్చున్నారు.

"వాడికి చెప్పినావా?"

"ఇంకా లేదు మామా."

"చెప్పబాక."

పరువు కోసం అన్నారో, సాయిబు బాధపడతాడని అన్నారో.

చెప్పకుండా ఉండలేకపోయాను. అప్పటికి సాయిబు జట్కా లేదు, గుర్రమూ లేదు. బుచ్చిరెడ్డిపాలెంలో ధాన్యం కొట్లో బస్తాలు దించే పని చేస్తున్నాడు. పుట్టింటికి పోయినప్పుడు వెతుక్కుంటూ వెళ్ళాను. మొత్తం చెప్పాను. చీటీలో ఎవరి పేరుందో కూడా చెప్పాను. అతను భుజం మీది గోనెపట్టా తీసి చేతిలో నలుపుతూ విన్నాడు. కోప్పడతాడనుకున్నాను, ఏడుస్తాడేమో అనుకున్నాను.

"చెదలు పట్టకుండా ఉండాదా?"

"ఉందన్నా. బాగుంది."

"పక్కన గుర్రం బొమ్మ ఏమన్నా పెట్టినారా?"

"లేదు."

"పెట్టుంటే తెలిసేది చూసేవాళ్ళకు, ఎందుకు రాసిందో" అన్నాడు. లోపల్నుంచి ఎవరో కేకేశారు. పట్టా భుజాన వేసుకుని బండి దగ్గరికి వెళ్ళిపోయాడు.